అమ్మ దిగని మడుగు

కార్వేటినగరం దాటి కొండల వైపు పోతే ఒక కోన ఉంది. దాని పేరు ఇక్కడ రాయను. రాస్తే వచ్చే ఆదివారానికి ఇంకో నాలుగు కార్లు ఎక్కువొస్తాయి, ఇంకో నాలుగు బస్తాల ప్లాస్టిక్ గ్లాసులు మద్దిచెట్ల మొదళ్ళలో పడతాయి. చుట్టుపక్కల వాళ్ళకు ఎలాగూ తెలుసు. తెలియని వాళ్ళకు నేను తెలియజెప్పే పని పెట్టుకోను.

అదంతా అటవీశాఖ కాపలాలో ఉన్న అడవి. తారురోడ్డు ఆగిపోయే చోట చెక్‌పోస్టు ఉంటుంది. అక్కడి నుంచి లోపలికి పోతే కొండల మీది నుంచి దిగే ఏరు మూడు చోట్ల బండల మధ్య నిలిచి మూడు మడుగులవుతుంది. అన్నిటికంటే కిందిది గుడి మడుగు. పక్కనే చిన్న శివాలయం. ఇరవై నిమిషాలు నడిస్తే ఆవుల మడుగు. అక్కడి నుంచి బండలు పట్టుకొని ఇంకో గంట ఎక్కితే పెద్దమడుగు. ఎండాకాలంలో కింది రెండూ మోకాటి లోతుకు దిగజారినా పెద్దమడుగు మాత్రం నల్లగా, నిండుగా ఉంటుందని చెబుతారు. నేను దాన్ని చూడలేదు. ఈ జన్మలో చూస్తానన్న ఆశ కూడా లేదు, ఎందుకంటే దాన్ని నాకు చూపించాల్సిన మనిషి ఇక అంత దూరం నడిచే స్థితిలో లేదు.

నా చిన్నప్పుడు ప్రతి కార్తీకమాసంలో ఒక ఆదివారం చిత్తూరు నుంచి ఆ కోనకు వ్యాను మాట్లాడుకొని పోయేవాళ్ళం. నాయన, ఆయన తమ్ముళ్ళు, ఆఫీసు స్నేహితులు, వాళ్ళ పెళ్ళాం పిల్లలు. ఆడవాళ్ళు తెల్లారకముందే లేచి చింతపండన్నం కలిపి, పెరుగన్నం కలిపి, వడలు కాల్చి, ఊరుమిండి పచ్చడి నూరి డబ్బాలకు ఎత్తేవాళ్ళు. కోన చేరగానే మగవాళ్ళు చొక్కాలు విప్పి గుడి మడుగులోకి దూకేవాళ్ళు. ఆ అరుపులకు చెట్ల మీది కోతులు కూడా కాసేపు నోరు మూసుకునేవి. ఆడవాళ్ళు చీరలతోనే గట్టు పక్కన నీళ్ళలో నిలబడి మూడు మునకలు వేసి, గుడి వెనక చీర మార్చుకొని వచ్చేవాళ్ళు.

మా అమ్మకు ఆ మూడు మునకలు కూడా లేవు. నాయనకు ఇష్టం ఉండేది కాదు. "తడిసీరతో నా ఫ్రెండ్స్ ముందర నడస్తే బాగుంటాదా?" అని ఒకసారి అన్నాడు. అది ఏ సంవత్సరమో నాకు గుర్తు లేదు గానీ, ఆ తరువాత ఆయన మళ్ళీ అనాల్సిన అవసరం రాలేదు. అమ్మ దోసిట్లో నీళ్ళు తీసుకొని నెత్తిన చల్లుకొని బండ మీదికి వచ్చి కూర్చునేది. ఆమె చుట్టూ అందరి చొక్కాలు, ప్యాంట్లు, గడియారాలు, పర్సులు, తరువాతి రోజుల్లో ఫోన్లు. చేతిలో ఒక వెదురు కర్ర. కోతులు వస్తే అదిలించడానికి.

"మీయమ్మ కూసోనుంటే కోతులు గాదు గదా, దొంగలు గూడా దగ్గరికి రారు," అని నీళ్ళలోంచి నాయన అరిచేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. ఇది దాచుకోవాల్సిన సంగతి, కానీ దాచుకోను. ఆరేళ్ళప్పుడు నవ్వాను సరే, పదహారేళ్ళప్పుడు కూడా నవ్వాను.

అమ్మకు నీళ్ళంటే భయమని నా నమ్మకం. ఎవరూ చెప్పలేదు, నేనే అనుకున్నాను. బడిలో స్నేహితురాళ్ళతో కూడా అలాగే చెప్పాను. అమ్మను అడగాలని మాత్రం ఎప్పుడూ తోచలేదు. ఆమె పుట్టిన ఊరు ఆ కోన మొదట్లోనే ఉందని నాకు తెలుసు. వ్యాను ఆ ఊరు దాటేటప్పుడు అమ్మ కిటికీ పక్కకు జరిగేది. చింతచెట్ల తోపు కనిపించి మాయమయ్యేదాకా చూసేది. అమ్మమ్మా తాతా నాకు ఊహ తెలియకముందే పోయారు. మేనమామలు ఉన్న కొంచెం నేలా అమ్మేసి సత్యవేడు దాటి తమిళనాడులో ఫ్యాక్టరీ పనులకు పోయారు. వ్యాను ఆపమని అమ్మ ఒకసారి అడిగితే, "ఇప్పుడు ఆడ ఎవురుండారని?" అన్నాడు నాయన. నిజమే, ఎవరూ లేరు. ఆయన మాటల్లో తప్పు పట్టుకోవడం కష్టంగా ఉండేది, ఇబ్బందంతా అక్కడే.

నాయన మాఘమాసంలో పోయాడు. ఉదయం కాఫీ తాగి పేపరు మడిచి పక్కన పెట్టాడు, అంతే. నేను వాళ్ళకు ఒక్కదాన్నే బిడ్డను. కర్మలు చిన్నాన్న కొడుకు చేశాడు. తిరుపతి నుంచి మా అత్త, అంటే నాయనకు అక్క, వచ్చి పదిరోజులూ ఇంట్లోనే ఉంది. ఏ పూట ఏం వండాలి, ఎవరు ఎక్కడ కూర్చోవాలి, దీపం ఏ మూల పెట్టాలి అన్నీ ఆమె చెప్పినట్టే జరిగాయి.

పదోరోజు తెల్లవారుజామున అమ్మకు గాజులు పగలగొట్టడానికి పెద్ద వయసు ఆడవాళ్ళను పిలిపించింది అత్త. నేను అడ్డం నిలబడ్డాను. నేను బడిలో టీచర్ని. అప్పుడప్పుడు పత్రికలకు ఆడవాళ్ళ బతుకుల గురించి రాస్తాను. రాసిన మాటలు ఇంట్లో నిజం చేసుకునే అవకాశం వచ్చిందనుకున్నాను. "మా అమ్మ చేతులు ఎవరూ ముట్టుకోవద్దు," అన్నాను. గొంతు బాగానే లేచింది. వరండాలో మగవాళ్ళు కూడా లోపలికి తొంగిచూశారు.

"సదువుకున్నావని పద్ధతులన్నీ మట్టిలో కలిపేస్తావా?" అంది అత్త. "నా తమ్ముడి ఆత్మ ఈ ఇంటి సుట్టూనే తిరగతా ఉంటాది, తెలుసా నీకు?"

గంటసేపు గొడవ. చివరికి అత్త ఏడ్చింది. ఏడ్చేవాళ్ళతో పోట్లాడడం నాకు చేతకాదు. ఆమె పక్కన కూర్చొని చెయ్యి పట్టుకొని, "గాజుల సంగతి వదిలెయ్ అత్తా. మిగతావన్నీ నువ్వు చెప్పినట్టే చేస్తాను. ఏడాదీ పద్ధతిగా జరిపిస్తాను. అమ్మను ఏడాది వరకు ఏ కొండా ఎక్కనివ్వను, ఏ గుడి గడపా తొక్కనివ్వను. నాదీ పూచీ," అన్నాను. మా వైపు ఆ పట్టింపు గట్టిగా ఉంది. ఇంట్లో చావు జరిగితే సంవత్సరీకం పెట్టేదాకా ఆ ఇంటి మనిషి కొండ ఎక్కకూడదు, దేవుడి సన్నిధికి పోకూడదు. అత్త కళ్ళు తుడుచుకొని తలూపింది. నేను గెలిచానని అనుకున్నాను.

ఆ గంటసేపూ అమ్మ పీట మీద కూర్చొని రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకొని ఉంది. ఆ చేతుల గురించే అంత రాద్ధాంతం జరిగినా, గాజులు ఉంచుకుంటావా తీసేస్తావా అని ఆమెను అత్తా అడగలేదు, నేనూ అడగలేదు. రెండు నెలలకు ఆమే వాటిని తీసి ఒక ఖాళీ సీసాలో వేసింది. ఎందుకమ్మా అంటే, "బట్టలుతికేటప్పుడు అడ్డమొస్తాండాయి," అంది.

అదే పదోరోజు మధ్యాహ్నం అమ్మ పుట్టినూరి నుంచి ఒకావిడ పలకరించడానికి వచ్చింది. అమ్మ ఈడుదే. చిన్నప్పుడు ఇద్దరూ కలిసి మేకలు తోలుకొని కోనకు పోయేవాళ్ళట. కాసేపు ఏడ్చింది, కాఫీ తాగింది, ఆ తరువాత పాత మాటల్లో పడింది. మాటల మధ్యలో నా వైపు తిరిగి, "మీయమ్మ నీళ్ళల్లో దిగితే మనిషి గాదు పాపా," అంది.

నాకు అర్థం కాలేదు. "అమ్మకు ఈత వచ్చా?" అన్నాను.

"నీకు సెప్పలేదా? ఓయబ్బా! మేమందరం నడుముకు సొరబుర్ర కట్టుకోని భయపడతా భయపడతా నేర్సుకుంటే, ఇది ఒట్టినే దూకేసింది. పెద్దమడుగులో ఈ బండ కాడ మునిగితే ఆ పక్క బండ కాడ తేలేది. మేము గట్టున కూసోని, ఇంగ పాయ, ఇంగ పాయ అని ఏడస్తా ఉంటిమి. ఇది ఆ పక్కన తేలి నగతా ఉండేది."

"యాడిదో ఎప్పటిదో, ఇప్పుడు యాల తీస్తావు మే," అంది అమ్మ. అంటూనే నవ్వింది. భర్త పోయిన పదోరోజు, బంధువులు నిండిన ఇంట్లో, పైట చివర నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. నలభై ఏళ్ళు దాటిన నేను ఆ నవ్వు అంతకు ముందు చూడలేదు.

ఎండిన సొరకాయ బుర్ర కట్టుకుంటే మనిషి మునగడని అమ్మ ఆ తరువాత రోజుల్లో నాకు చెప్పింది. నాయన పోయాక ఆమె మా ఇంటికి వచ్చేసింది. సాయంత్రాలు బియ్యం ఏరుతూ పెద్దమడుగు గురించి ఒక్కొక్కటే బయట పెట్టేది. అడుగున చల్లటి ఊట ఒకటి ఉందట, కాలికి తగిలితే జివ్వుమంటుందట. గట్టున కలివిపండ్లు కోసుకొని కొంగులో కట్టుకొని నీళ్ళలోనే తినేవాళ్ళట. పదిహేడో ఏట పెళ్ళి కుదిరిన మరుసటి రోజు ఆఖరుసారి దిగిందట. నేను వింటూ ఎంతో ముచ్చట పడ్డాను. ఒక వ్యాసం రాయొచ్చని కూడా అనుకున్నాను.

వైశాఖంలో ఒక రోజు ఊరగాయకు మామిడికాయలు తరుగుతూ అడిగింది. "పాపా, ఒకతూరి కోనకు పోయొస్తామా?"

నా ముందర కత్తిపీట. తలెత్తకుండానే, "పోదాంలేమ్మా, సంవత్సరీకం కానీ," అన్నాను.

"గుడికి గాదు. పెద్దమడుగు దాకా. నిదానంగా నడస్తాలే. రొంతసేపు నీళ్ళల్లో దిగి వచ్చేస్తా."

"కొండ ఎక్కినట్టే కదమ్మా అది కూడా. గుడి ముందర నుంచే పోవాలి. అత్తకు తెలిస్తే బాగుండదు."

"నీళ్ళకేం మైల పాపా? మైల కడుక్కునేదే నీళ్ళతో గదా."

ఆమె అన్నది నిజం. నిజమైనప్పుడు ఒప్పుకోవాలి. నేను ఒప్పుకోకుండా, "మాటిచ్చానమ్మా," అన్నాను. ఆమె ఇంకో కాయ అందుకుంది. తన గురించి తనకు చెప్పకుండా నేను ఇచ్చిన మాట అది. అప్పుడు ఆ సంగతి నాకు తట్టలేదు.

నిజం చెప్పాలంటే నాకు ఆ పట్టింపుల మీద నమ్మకం లేదు. నాయన ఆత్మ కొండ దగ్గర అడ్డం నిలబడుతుందని నేను ఒక్క క్షణం కూడా అనుకోలేదు. గాజుల గొడవ తరువాత బంధువుల్లో నా పేరు బాగా పాడైంది. నోరున్నది, పెద్దంతరం లేనిది అని మాటలు నా చెవికి వచ్చాయి. ఏడాది సక్రమంగా జరిపించి ఆ నోళ్ళు మూయించాలని నా పట్టుదల. అత్త ప్రతి ఆదివారం ఫోన్ చేసేది. "ఏమ్మే, మీయమ్మ యాడికీ పోలేదు గదా?" అని అడిగేది. "లేదత్తా," అని చెప్పేటప్పుడు నాకు గర్వంగా ఉండేది. అమ్మకు దక్కాల్సిన మడుగును ఇచ్చేసి నేను మంచిపేరు తెచ్చుకుంటున్నాను. ఆమె పక్కగదిలోనే ఉండేది. నా మాట వినబడే ఉంటుంది.

రెండోసారి అడిగింది కార్తీకం ముందర. తమిళుల పెరటాశి నెల శనివారాలు అయిపోయి వానలు పట్టుకున్నాయి. టీవీలో ఆ కోన చూపించారు, బండల మీద తెల్లగా దూకుతోంది. అమ్మ కుర్చీ ముందుకు లాక్కొని చూసింది. "నీళ్ళొచ్చినాయి," అంది. వార్తలు అయిపోయి ప్రకటనలు వచ్చినా చూస్తూనే ఉంది. కాసేపటికి, "ఇప్పుడు బాగుంటాది పాపా. నాకు మోకాళ్ళు గూడా ఈ మధ్య బాగుండాయి," అంది.

"ఇంకెంతమ్మా, మూడు నెలలే కదా," అన్నాను.

మా ఆయన భోజనం చేస్తూ విన్నాడు. అమ్మ లోపలికి పోయాక, "తీసుకెళ్ళొచ్చు గదా. మీ అత్తకు ఎవురు సెప్తారు?" అన్నాడు. "మీకేం, మాటలు పడేది నేను," అని కసురుకున్నాను. ఆయన కంచంలోకి చూసుకుంటూ తిన్నాడు. నాకు తెలియక జరిగిందని, ఎవరూ చెప్పలేదని అనుకోవడానికి నాకు ఆ సందు కూడా లేదు.

అమ్మ మూడోసారి అడగలేదు.

మార్గశిరంలో ఒక పొద్దున పెరట్లో బట్టలుతికే బండ దగ్గర జారింది. సబ్బునీళ్ళు. చప్పుడు నాకు వంటింట్లోకి వినబడింది, బిందె పడిందనుకున్నాను. పోయి చూస్తే ఆమె పక్కకు పడి ఉంది, కుడికాలు తిరగకూడని వైపు తిరిగి ఉంది.  తిరుపతి తీసుకుపోయాం. తుంటి ఎముక విరిగిందన్నారు, ఆపరేషన్ చేసి లోపల లోహం బిగించారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు నన్ను పక్కకు పిలిచి జాగ్రత్తలు చెప్పాడు. కింద కూర్చోకూడదు. తడినేల మీద నడవకూడదు. వాకర్ లేకుండా అడుగు వేయకూడదు. మళ్ళీ పడితే ఇక లేవడం కష్టం.

వింటూ తలూపుతున్నాను. నా బుర్రలో ఒకటే తిరుగుతోంది. వానల్లో తీసుకుపోయి ఉంటే? అప్పుడు ఆమె మెట్లు చకచకా ఎక్కేది. కూరగాయల సంచి నా చేతిలోంచి లాక్కొని ముందు నడిచేది. ఆసుపత్రి మంచం మీద అమ్మ కోన మాట ఎత్తలేదు. ఎత్తి, నన్ను తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది. నేనూ ఎత్తలేదు.

మాఘంలో సంవత్సరీకం పెట్టాం. అమ్మ కుర్చీలో కూర్చొని అంతా చూసింది. పక్కన వాకర్. భోజనాల దగ్గర అత్త అందరికీ వినబడేటట్టు నన్ను మెచ్చుకుంది. "నోరు పెద్దదే గానీ, ఏడాది ఎంత పద్ధతిగా జరిపించింది సూడండి! మా తమ్ముడు యాడుండినా సల్లగా ఉంటాడు," అంది. ఏడాది పాటు ఎదురుచూసిన మాట అది. వడ్డిస్తున్న పాయసం గిన్నె చేతిలోనే ఉంది. దాన్ని గోడకేసి కొట్టాలనిపించింది. కొట్టలేదు. ఇంకో గరిటె ఆమె ఆకులో వేశాను.

ఫాల్గుణంలో, బడికి ఒకరోజు సెలవు పెట్టి అమ్మను కోనకు తీసుకుపోయాను. ఆదివారమైతే జనం ఉంటారని మంగళవారం పెట్టుకున్నాను. పోదామా అంటే ఆమె సరేనంది, అంతే. ముందురోజు సాయంత్రమే ఒక గుడ్డసంచి సర్దుకుంది. మందులు, మంచినీళ్ళు అయ్యుంటాయని నేను పట్టించుకోలేదు.

పొద్దున్నే చిత్తూరు నుంచి బయలుదేరాం. నేనే కారు నడిపాను. తోవ పొడుగునా మామిడితోపులు పూత మీద ఉన్నాయి. ఆమె ఊరు వచ్చినప్పుడు కారు ఆపాను. ఆపి, "దిగుతావా?" అన్నాను. "ఇప్పుడు ఆడ ఎవురుండారు, పద," అంది. చింతతోపులో సగం చెట్లు లేవు. ఇళ్ళ స్థలాలకు రాళ్ళు పాతి ఉన్నాయి.

చెక్‌పోస్టు దగ్గర అటవీశాఖ మనిషి కారు ఆపాడు. ఆ కొండల్లో ఎర్రచందనం ఉంది కాబట్టి అందరినీ వెదుకుతారు. డిక్కీ తెరిపించి చూశాడు. లోపల మడిచిన వాకర్, గుడ్డసంచి. సంచిలో చెయ్యి పెట్టి ఉన్నవన్నీ బయటికి తీశాడు. ఒక తువ్వాలు. ఒక పాత నూలుచీర, లంగా, రవిక. ఒక దువ్వెన. తడిసినాక కట్టుకోవడానికి అమ్మ తెచ్చుకున్న బట్టలు.

ఆయన వాటిని తిరిగి సంచిలో కుక్కి, "అవ్వను ఈడికి యాల తెచ్చినారు మేడం? లోపలంతా జారుడు," అన్నాడు. గుడి దాకానే పోతామని చెప్పాను.

గుడి మడుగు ఇప్పుడు నా చిన్నప్పటిది కాదు. గట్టు తవ్వి సిమెంటు మెట్లు కట్టారు, పక్కన ఇనుప కడ్డీలు పాతారు. కోతులు అలాగే ఉన్నాయి, చిప్స్ ప్యాకెట్లు చించుకొని తింటున్నాయి. మంగళవారమైనా కాలేజీ పిల్లలు కొందరు ఉన్నారు. ఒక ఫోన్లోంచి పాట పెద్దగా మోగుతోంది. మగపిల్లలు బండ మీది నుంచి దూకుతున్నారు. నీళ్ళు మాత్రం మారలేదు. అడుగున గులకరాళ్ళు కనిపించేంత తేటగా ఉన్నాయి.

అమ్మ వాకర్ నెట్టుకుంటూ మొదటి మెట్టు దాకా వచ్చింది. కాసేపు నిలబడి చూసింది. తరువాత వాకర్ ముందుకాళ్ళు ఎత్తి కింది మెట్టు మీద పెట్టింది. నేను ఇంకా చెప్పులు విప్పుతున్నాను. మెట్టు మీద పాకుడు ఉంది. వాకర్ కాలు సర్రున జారింది. నేను ఎలా అందుకున్నానో నాకు తెలియదు, నడుము చుట్టూ చెయ్యి వేసి వెనక్కి లాగేశాను. లాగి, "బుద్ధుందా నీకు? మళ్ళీ పడితే ఎవరు చేస్తారు?" అని అరిచాను. పాట ఆగింది. నీళ్ళలో ఉన్నవాళ్ళందరూ మా వైపు చూశారు.

 గుడి దగ్గర మజ్జిగ అమ్మే ఆవిడ ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి గట్టున వేసింది. అమ్మను అందులో కూర్చోబెట్టాను. సంచి నా భుజానికే ఉంది. ఆ సంచి బరువు నాకు బాగా తెలుస్తోంది.

నీళ్ళలో ఒక పిల్ల టైరు ట్యూబు పట్టుకొని వేలాడుతోంది. పంతొమ్మిది, ఇరవై ఏళ్ళుంటాయి. స్నేహితురాళ్ళు వదిలెయ్ వదిలెయ్ అంటున్నారు, ఈమె వదలడం లేదు. అమ్మ కాసేపు చూసి కుర్చీలో ముందుకు వంగింది.

"ఏమ్మే, తల పైకెత్తొద్దు," అంది. "తల ఎత్తితే కాళ్ళు కిందికి పోతాయి. మొగము నీళ్ళల్లో పెట్టు. ఆఁ, ఊపిరి బిగబట్టు. ఇప్పుడు కాళ్ళు కొట్టు. మోకాలు గాదు, తొడ కాడ్నించి."

ఆ పిల్ల నవ్వుతూనే చెప్పినట్టు చేసింది. రెండు మూడు సార్లు మునిగి దగ్గింది. అమ్మ వదల్లేదు. కుర్చీలోనే ఎడమకాలు పైకీ కిందికీ ఆడిస్తూ చూపించింది. కుడికాలు మాత్రం కదల్లేదు. నాలుగోసారికి ఆ పిల్ల ట్యూబు వదిలి నాలుగు బారలు ఈది అవతలి బండను పట్టుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు. అమ్మ కూడా కొట్టింది. మొహమంతా వెలిగిపోయింది.

"సూపరవ్వా! నువ్వూ రా," అని ఆ పిల్ల నీళ్ళలోంచి చెయ్యి ఊపింది.

అమ్మ వాకర్ మీద చెయ్యి వేసి, లేదన్నట్టు తల ఆడించింది. ఆ పిల్ల మళ్ళీ ఈతలో పడిపోయింది. నేను మెట్లు దిగి సీసాలో నీళ్ళు పట్టుకొచ్చి అమ్మ పాదాల మీద కొంచెం కొంచెంగా పోశాను. ఆమె కాళ్ళు వెనక్కి తీసుకోలేదు, నా వైపు చూడనూ లేదు. నీళ్ళు సిమెంటు మీద పారి ఆరిపోయాయి.

ఏదో ఒకటి అనాలి కదా. "డాక్టరు ఆరునెలల తరువాత మళ్ళీ చూస్తానన్నాడు కదమ్మా. అప్పటికి ఇంకా గట్టిపడుతుంది. వచ్చే ఏడాది నేనే చెయ్యి పట్టుకొని దింపుతాను," అన్నాను.

అమ్మ ఆ పిల్లను చూస్తూనే మాట్లాడింది. గొంతులో కోపం లేదు.

"నిన్ను అడిగిందే నా తప్పు పాపా," అంది. "మీ నాయన్ని అడిగి అడిగి అలవాటై, నిన్ను గూడా అడిగినా. పొద్దన్నే బస్సెక్కి వచ్చేసుంటే, నువ్వు బడి నించి వచ్చేలోపల దిగి, సీర ఆరబెట్టుకోని, ఇంట్లో ఉందును. అప్పుడు రెండు కాళ్ళూ బాగుండె."